రాసిన వెంటనే మూయవలెను

నా మేనకోడలిది నెమ్మది చెయ్యి అని ఒక పెద్దమనిషి కాగితం మీద రాసి, కింద సంతకం గీకాడు. ఆ కాగితం నేను చూశాను. నేను చదివింది మూడో తరగతే గానీ, 'నెమ్మది' అన్న మాట కూడబలుక్కోలేనంత మొద్దును కాను. అది చదివిన పూట నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. దిగేలోపు రాసెయ్యాలని కూర్చున్నాను.

ఆమె మా తమ్ముడి కూతురు. నలభై రెండేళ్ళు. కళ్ళాసుపత్రిలో చీటీల కౌంటరు దగ్గర పని. అదే ఆసుపత్రిలో నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయాగా చేసి దిగిపోయాను. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. డాక్టర్ల దగ్గర్నుంచి గేటు మనిషి దాకా అందరికీ ఆమె 'గడియారం'.

ఆ పేరు ఊరికే రాలేదు. కంటిపాప పెద్దదయ్యేందుకు రోగులకు పది నిమిషాలకోసారి చుక్కలు వేస్తారు. మూడుసార్లు వేయాలి. హాల్లో బల్లల మీద నలభై మంది కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరు వచ్చిన వేళ ఒక్కొక్కటి. అంతకు ముందు ఆ పని చేసిన అమ్మాయిలు అందరికీ ఒకేసారి తోటలో నీళ్ళు చల్లినట్టు చల్లి వెళ్ళిపోయేవారు. లోపల డాక్టరు టార్చి వేసి చూసి, "ఇంకా విచ్చుకోలేదు, బయటికి పొండి" అని తిప్పి పంపేవాడు. ఈమె పందొమ్మిదో ఏట ఆ పనిలో చేరింది. మొదటి వారం ఒక్కొక్కరి ముందు నేల మీద సుద్దముక్కతో వేళ రాసుకుంది. రెండో వారం నుంచి సుద్దముక్క కూడా లేదు. "తాతా, నీకింకా రెండు నిమిషాలుంది, తెరవకు. పిన్నీ, నీకైపోయింది, తల పైకెత్తు" అని నలభై మందినీ తలలోనే పెట్టుకుని తిరిగేది. పెద్ద డాక్టరుగారు ఒకరోజు పరీక్ష పెట్టారు. ఆమె పది నిమిషాలైందంటే ఆయన చేతి గడియారంలో తొమ్మిదే అయింది. రేడియోలో వార్తల వేళకు సరిచూసుకుంటే, తప్పు ఆయన గడియారానిది. ఆ సాయంత్రమే ఆయన ఆమెకు ఆ పేరు పెట్టారు.

అటువంటి మనిషిది నెమ్మది చెయ్యట!

ఇక నా సంగతి కొంత చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

అప్పట్లో కంప్యూటర్లు లేవు. ఒక్కటే పెద్ద రిజిస్టరు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుంటే గానీ కదిలేది కాదు. ముగ్గురు గుమాస్తాలు దాని చుట్టూ కూర్చుని ఒకరి తరువాత ఒకరు రాసేవారు. ఒకరోజు తెరిచి ఉన్న రిజిస్టరు పేజీ ఫ్యాను గాలికి తిరిగిపోయింది. ఒక జూనియరు గుమాస్తా అది చూసుకోకుండా ఒక రోగి పేరు కింద మరొక రోగి కన్ను రాశాడు. మర్నాడు ఆపరేషను బల్ల దగ్గర నేనొక ముసలాయన ఎడమ కనుబొమ్మ మీద, కోయాల్సిన కన్ను ఇదేనన్న గుర్తుగా, ప్లాస్టరు ముక్క అంటిస్తున్నాను. ఆయన మెల్లగా, "అమ్మా, నాకు కనబడనిది కుడి కన్ను కదా?" అన్నాడు. చేతిలో ట్రే కింద పడేసి కేక పెట్టాను. పెద్ద డాక్టరుగారు కత్తి పక్కన పెట్టి, ముఖం తెల్లబోయి, అక్కడే కుర్చీలో కూలబడ్డారు.

తేరుకున్నాక ఆయన అడిగింది సూపరింటెండెంటును కాదు, హెడ్‌నర్సును కాదు. నన్ను. "ఏం చేద్దామంటావు?" అన్నారు. "రాసిన వెంటనే పుస్తకం మూసెయ్యాలి బాబుగారూ. రిబ్బను కట్టెయ్యాలి. తరువాతవాడు మళ్ళీ విప్పుకుని, పేరు వెతుక్కుని రాయాలి. గాలికి దొరక్కూడదు" అన్నాను. నా మాటను ఆయన పెయింటరు చేత చెక్క మీద రాయించారు. పెయింటరు నాకంటే చదువుకున్నవాడు కాబట్టి దానికి కాస్త గాంభీర్యం అద్దాడు: 'రాసిన వెంటనే మూయవలెను'. కౌంటరు మీద గోడకు నాలుగు మేకులతో, ఆ మేకులు చాలవని రెండు మరలతో బిగించారు. ఆనాటి నుంచి ఇరవై రెండేళ్ళు, ఆ ఆసుపత్రిలో ఒక్క కన్ను తప్పలేదు. నేను చీపురు పట్టుకుని ఆ బోర్డు కింద నుంచి వెళ్ళినప్పుడల్లా, పట్టింది చీపురన్న సంగతి మరిచిపోయేదాన్ని.

మేనకోడలు పదో తరగతి ప్రైవేటుగా కట్టి, టైపు నేర్చుకుని, ఆ బోర్డు కిందకే గుమాస్తాగా వచ్చి కూర్చుంది. మొదటి రోజే చెప్పాను: "ఏమే, ఎవరు మరిచినా నువ్వు మరవకూడదు. ఆ మాట మన ఇంటిది." మరవలేదు. అదే జరిగిన తప్పు.

ఆరేళ్ళ క్రితం, నేను దిగిపోయాక, రిజిస్టరు పోయి కంప్యూటర్లు వచ్చాయి. కొత్త రోగులకు ఒకటి, పాత రోగులకు ఒకటి, ఆపరేషన్లకు ఒకటి. పేర్లన్నీ ఉండే అసలు పెట్టె మాత్రం సూపరింటెండెంటు గదిలో ఉంటుంది. ఈ మూడూ నీలం వైర్లతో దానికి కట్టేసి ఉంటాయి. ఈ సూపరింటెండెంటు నా కళ్ళ ముందు పెన్సిళ్ళు చెక్కుకుంటూ జూనియరుగా చేరినవాడు. ఇప్పుడు కుర్చీకి తువ్వాలు పరిచారు, మనిషి మారిపోయాడు. కంప్యూటర్లు వచ్చిన రోజునే హుకుం జారీ చేశాడు: "బోర్డు దీనికి కూడా వర్తిస్తుంది. ఒక రోగిని ఎక్కించగానే ప్రోగ్రాము పూర్తిగా మూసెయ్యాలి. రెండో రోగికి మళ్ళీ తెరవాలి." నాకు ఆ కబురు చేరినప్పుడు, నిజం చెప్పాలంటే, ఒళ్ళు పులకరించింది. నా బోర్డు కంప్యూటరు మీద కూడా ఎక్కిందనుకున్నాను.

మొదట్లో బాగానే నడిచింది. పేర్లు లక్ష దాటాయో ఏమో, రెండేళ్ళుగా కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది. మీట నొక్కితే తెర తెల్లగా అయిపోతుంది. రోగి పేరు చెప్పి, ఊరు చెప్పి, మనవళ్ళ సంగతి చెప్పి, ఆవులించినా పేరు రాదు. వరస గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళేది. తిట్లన్నీ మా గడియారానికే. పాత రోగుల కౌంటరు ఆమెది, వరస పొడుగు అక్కడే.

"నిద్రపోతున్నావా అమ్మా?"

"చెయ్యి పెట్టి తొయ్యరాదూ దాన్ని, బండిని తోసినట్టు!"

ఒక ముసలాయన మరీ మంచిగా అన్నాడట: "నేను వచ్చినప్పుడు ఒక కంటికే శుక్లం తల్లీ. నువ్వు చీటీ ఇచ్చేసరికి రెండో కంటికి కూడా వచ్చేటట్టుంది. రెండింటికీ కలిపి ఒకే చీటీ రాసెయ్యి."

కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చాడు. చొక్కా జేబులో ఆరు స్క్రూడ్రైవర్లు. ఏది చెప్పినా "రీస్టార్టు చేశారా?" అనేవాడు. అందుకని కౌంటర్లలో ఆయన పేరే రీస్టార్టు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లు టీ తాగాడు, మూడుసార్లు ఆర్పి వెలిగించాడు. నాలుగోసారి సూపరింటెండెంటుకు తేల్చి చెప్పాడు: "పెట్టె పాతదైపోయింది సార్, కొత్తది కొనాలి. దానికి తోడు ఈ మేడమ్ చెయ్యి కొంచెం నెమ్మది." మొదటి మాటకు కమిటీ ఒప్పుకోవాలి. రెండో మాటకు ఒక కాగితం చాలు. సూపరింటెండెంటు కాగితమే ఎంచుకున్నాడు.

'పని నెమ్మదిగా చేయుచున్నందున రోగులకు అసౌకర్యము కలుగుచున్నది. వారము రోజులలో మెరుగుపడనిచో సోమవారము నుండి దుప్పట్ల గదికి మార్చబడును.'

దుప్పట్ల గది నేలమాళిగలో ఉంది. ఉతికి వచ్చిన దుప్పట్లు, దిండు గలీబులు మడతపెట్టి పెట్టడం ఆ గది పని. ఆ పని తక్కువదని నేననను. నేనే చేశాను. కానీ నెమ్మది మనిషి అన్న ముద్రతో ఆ మెట్లు దిగడం వేరు. పద్దెనిమిదేళ్ళు కూర్చున్న కుర్చీ పోతే పోయింది. గడియారం అన్న పేరు ఆ మెట్ల మీద పోతుంది.

నేను కాగితం పట్టుకుని ఊగిపోయాను. "పద, ఇప్పుడే పోయి వాడి బల్ల మీద కొడతాను" అన్నాను. ఆమె అన్నం వడ్డిస్తూ, "నా చెయ్యి నెమ్మదో కాదో గోడ గడియారం చెబుతుంది అత్తా, నువ్వెందుకు గొంతు చించుకోవడం?" అంది.

మర్నాటి నుంచి పాత క్యాలెండరు కాగితం వెనక రాయడం మొదలుపెట్టింది. రోగి పేరు చెప్పాక ఆమె టైపు చేసి ముగించడానికి పద్దెనిమిది సెకన్లు. మీట నొక్కాక ప్రోగ్రాము తెరుచుకుని పేజీ కనబడడానికి డెబ్బై. చేతిది పద్దెనిమిది, దానిది డెబ్బై. ఆ లెక్క పట్టుకెళితే సూపరింటెండెంటు తల కూడా ఎత్తలేదు. "కాకిలెక్కలు తేకమ్మా."

సరే, కాకిలెక్కలేనని, ఆపరేషన్ల కౌంటరామెతో కుర్చీ మార్చుకుంది. ఆ అమ్మాయి వేళ్ళు టైపు మీద పరుగులు పెడతాయి, ఆ సంగతి అందరూ ఒప్పుకుంటారు. ఆమె వచ్చి మా గడియారం కుర్చీలో కూర్చున్నా డెబ్బయ్యే. మా గడియారం వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నా డెబ్బయ్యే. అంటే చెయ్యీ కాదు, ముందున్న కంప్యూటరు డబ్బా కూడా కాదు.

మంగళవారం నీలం వైరు వెంట మోకాళ్ళ మీద పాకింది. ఒకచోట రోగుల బల్ల కాలు దాని మీదే ఉంది. రోజంతా నలుగురేసి కూర్చుంటారు దాని మీద. వైరు చపాతీలా అయిపోయింది. దాన్ని మార్పించింది. డెబ్బై కాస్తా అరవై మూడయింది. ఏడు సెకన్ల కోసం మోకాళ్ళు కొట్టుకుపోయాయి.

బుధవారం భోజనాల వేళ, అడిగి అనుమతి తీసుకునే, పేర్ల ఫైలును అసలు పెట్టె నుంచి తన డబ్బాలోకి కాపీ చేసి అక్కడే తెరిచి చూసింది. నాలుగు సెకన్లు! చూసి వెంటనే తుడిచేసింది. అంటే పేర్లు లక్ష కాదు, రెండు లక్షలున్నా బాధ లేదు. డబ్బా బాగుంది, ఫైలు బాగుంది. ఈ గదికీ ఆ గదికీ మధ్యే ఏదో జరుగుతోంది. రీస్టార్టుకు ఫోను చేసి చెబితే, "మధ్యలో ఉండేది వైరే కదా మేడమ్, అది మార్చేశాం కదా. ఒకసారి రీస్టార్టు..." ఫోను పెట్టేసింది.

గురువారం ఒక వింత జరిగింది. ఆపరేషన్ల కౌంటరామె పన్ను నొప్పి భరించలేక పదింటికే లేచి పరుగెత్తింది. ప్రోగ్రాము మూయడం మరిచిపోయింది. ఆ రోజంతా మిగతా రెండు కౌంటర్లూ చిలకల్లా ఎగిరాయి. రోగులు తక్కువేమో అనుకున్నారు అందరూ. మా గడియారం చీటీలు లెక్కపెట్టింది. మామూలు కన్నా ముప్ఫై ఆరు ఎక్కువ. సాయంత్రం సూపరింటెండెంటు ఏం చేశాడో తెలుసా? బుగ్గ వాచి తిరిగొచ్చిన ఆ అమ్మాయిని, మూయకుండా పోయినందుకు బోర్డు చూపించి చీవాట్లు పెట్టాడు.

శుక్రవారం మేనకోడలు ఇంటికొచ్చి నాతో ఏమీ మాట్లాడలేదు. శనివారమూ అంతే.

ఆదివారం మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని పాత చీర చింపుతోంది.

"ఏమిటే అది?"

"ముక్కుకు కట్టుకోవడానికి అత్తా. కింద దుమ్మెక్కువట."

"అంటే పోవడానికి తయారైపోయావన్నమాట. నీ నోట్లో నాలుక లేదూ?"

"ఉంది. దాని మీద దుమ్ము పడకూడదనే ఈ గుడ్డ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె సంచిలోంచి క్యాలెండరు కాగితం లాగి పరిచాను. అక్షరాల దగ్గర తడబడతానేమో గానీ అంకెల దగ్గర నన్ను ఎవరూ మోసం చేయలేరు. డెబ్బై, డెబ్బై రెండు, అరవై మూడు. గురువారం దగ్గర ఆరు. శుక్రవారం దగ్గర అయిదు, అరవై నాలుగు, అయిదు. ఆ మూడింటికీ కలిపి సున్నా చుట్టి ఉంది.

"ఈ సున్నా ఎందుకు చుట్టావు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే తుమ్మను కూడా తుమ్మవు. చెప్పు."

చెప్పదే! చీర చింపుతూనే ఉంది. మూల కూర్చుని మిషను తొక్కుతున్న ఆమె మొగుడు, దర్జీ, కాలు ఆపాడు. "చెప్పెయ్యరాదూ. ఆవిడ బోర్డే కదా" అన్నాడు. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు. వాళ్ళ పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. అతను నా ముందు అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదలు.

అప్పుడు చెప్పింది, తల వంచుకుని.

"పేర్ల ఫైలు సార్ గదిలో ఉంటుంది కదా అత్తా. బీరువాలో ఉందనుకో. ఎవరైనా తెరవాలంటే ముందు అక్కడికి పోవాలి. తాళం తియ్యాలి. 'ఫలానా మనిషి లోపల ఉన్నారు' అని తలుపుకు చీటీ అంటించాలి. కాపలావాడు ఒకడుంటాడు, వైరస్ పట్టుకునేవాడు, వాడు ప్రతిసారీ జేబులు తడుముతాడు. పని అయ్యాక చీటీ చింపాలి, తాళం వెయ్యాలి. మేం ఒక్కొక్క రోగికీ ఇదంతా చేస్తున్నాం. రోజుకు మూడు వందల సార్లు తాళం తీసి, మూడు వందల సార్లు వేస్తున్నాం. ఎవరో ఒకరు తలుపు పట్టుకుని నిలబడితే, మిగతావాళ్ళు ఊరికే లోపలికి పోయి రావచ్చు. పన్ను నొప్పి రోజు అదే జరిగింది. శుక్రవారం ఒక గంట నేను మూయకుండా ఉంచి చూశాను. అయిదు సెకన్లు. మూసి చూశాను. అరవై నాలుగు. మళ్ళీ ఉంచాను. అయిదు."

"మరి అది వాడికి చెప్పి చావలేకపోయావా?"

"ఏమని చెప్పను? తప్పు బోర్డుదని చెప్పనా?"

"నా బోర్డా? ఇరవై రెండేళ్ళు! ఒక్క కన్ను తప్పలేదు!"

"తప్పలేదత్తా. అందుకే చెప్పలేదు."

నేను లేచి వెనక వసారాలోకి వెళ్ళి, పొద్దున తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. కంప్యూటరు మీద కాసేపు. హుకుం ఇచ్చినవాడి మీద కాసేపు. నా పరువు కాపాడడానికి తన పరువు మెట్ల కింద పారేసుకోబోతున్న ఈ పిల్ల మీద ఎక్కువసేపు. నన్ను అంత సుకుమారం అనుకుందా? ముప్ఫై ఒక్క ఏళ్ళు పుండ్లూ చీమూ ఎత్తిపోసిన మనిషిని, ఒక చెక్కముక్క దింపితే విరిగిపోతానా? అలా అనుకుంటూ ఒక గిన్నె అడుగు సొట్ట పెట్టాను.

లోపలికి వచ్చి దర్జీని అడిగాను: "నీ మిషను పెట్టెలో మరలు విప్పేది ఉందా?" తీసి ఇచ్చాడు.

సోమవారం కౌంటర్లు తెరిచే వేళకు నేను అక్కడున్నాను. అప్పటికే అరవై మంది వరసలో ఉన్నారు. స్టూలు లాక్కుని ఎక్కాను. అరవై తొమ్మిదేళ్ళ ముసలిది స్టూలెక్కి గోడకున్న మర విప్పుతుంటే ఎవరూ చూడకుండా ఉండరు. ఎవరో పోయి చెప్పినట్టున్నారు, సూపరింటెండెంటు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చాడు.

"ఆయమ్మా! దిగండి, దిగండి! పడితే ఎవరు జవాబుదారీ?"

"పడితే నువ్వే రాస్తావుగా కాగితం, ముసలిదానిది నెమ్మది కాలు అని."

వరసలో నవ్వులు.

"అది ఆసుపత్రి ఆస్తి ఆయమ్మా."

"చెక్క ఆసుపత్రిది. మాట నాది. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. చెక్క కావాలంటే నీ గదిలో పెట్టుకో." మేకులు గోడలోనే తుప్పు పట్టి ఉన్నాయి. ఒక్క ఊపు ఊపితే సున్నంతో సహా ఊడి చేతికొచ్చింది. దిగాను. ముక్కుగుడ్డ చేత్తో పట్టుకుని మెట్ల వైపు నిలబడి ఉంది మా పిల్ల. "అటెక్కడికే? నీ కుర్చీ ఇటుంది. కూర్చో. ముగ్గురూ తెరవండి. సాయంత్రం దాకా ఒక్కరు కూడా మూయకండి."

ఆపరేషన్ల కౌంటరామె, "మూయనందుకే కదండీ మొన్న నాకు చీవాట్లు!" అంది, ఇంకా వాపు తగ్గని బుగ్గతో.

"ఆ చీవాట్లు తిరిగి ఇచ్చేస్తారులే. తెరువు."

మొదటిసారి తెరవడానికి పట్టేది పట్టింది. తరువాత మా పిల్ల మొదటి రోగి పేరు కొట్టి మీట నొక్కింది. వరసలోవాళ్ళు గోడ గడియారం చూసి పైకే లెక్కపెట్టారు. ఆరు దాకా వచ్చేసరికి చీటీ బయటికొచ్చింది. రెండోది అయిదు. మూడోది అయిదు. కుడి కంటికి కట్టు కట్టుకున్న ఒకాయన, "ఇంత తొందరగా వస్తుందని తెలిస్తే పొద్దున్నే లేచేవాణ్ణే కాదు!" అని విసుక్కున్నాడు.

సూపరింటెండెంటు మెల్లగా అన్నాడు: "మరి ప్రోగ్రాము మూయకుండా ఉంటే, ఒకరి పేజీలో ఇంకొకరి కన్ను పడితే?"

అన్నేళ్ళలో అతను అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అది. గాలి లేని పెట్టెలో కూడా పేజీలు తిరుగుతాయన్నమాట. కూర్చున్న చోటి నుంచి, తల తిప్పకుండానే, మా గడియారం చెప్పింది.

"తెర మీద ఉన్న పేరూ, వయసూ, కన్నూ పైకి చదువుతాం సార్. ఎదురుగా ఉన్న మనిషి అవునంటేనే రాస్తాం. దానికి మూడు సెకన్లు."

ఆ మాట వినగానే నా కోపం ఒక్క మెట్టు దిగింది. ఒక్కటే. ఎందుకంటే నెమ్మది కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది.

సూపరింటెండెంటు వెంట అతని గదిలోకి నడిచాను. "ఆ కాగితం చింపు."

"ఫైల్లో ఎక్కిన కాగితం చింపడానికి ఉండదు ఆయమ్మా. రూలు."

"రూలు సంగతి నాకు చెబుతున్నావా?" తలుపు దగ్గరికి వేశాను. గొంతు తగ్గించాను. నా గొంతు తగ్గితే భయపడాలని అక్కడ పాతవాళ్ళకు తెలుసు. "ఇరవై రెండేళ్ళ క్రితం పేజీ తిరిగిపోయిన రోజు, పెద్ద డాక్టరుగారు నన్ను ఇంకో మాట కూడా అడిగారు. 'రాసిన చెయ్యి ఎవరిది?' అన్నారు. నాకు తెలుసు. సిరా ఆరకముందే అక్షరాల మీద చెయ్యి రుద్దుకుపోయిన మరక ఉంది. ఎడమ చేత్తో రాసేవాడు ఆ ముగ్గురిలో ఒక్కడే. నేనేమన్నానో తెలుసా బాబూ? 'గాలిది' అన్నాను."

అతను కలం పట్టుకుని ఉన్నాడు. ఎడమ చేత్తో.

అన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది ఒక్కసారి అన్నాక, రెండోసారి అంటే చవకబారుగా ఉంటుంది.

"పాత కాగితం తియ్యలేను" అన్నాడు చివరికి. "కొత్తది రాసి పైన పెట్టగలను. ఆలస్యం ఉద్యోగిది కాదు, పద్ధతిది అని. ఆ పద్ధతి ఎవరు పెట్టారని కమిటీ అడుగుతుంది మరి."

"బోర్డు పెట్టించిన ఆయాది తప్పని రాయి. నా పేరు రాయి. పూర్తి పేరు. దాన్ని కంప్యూటరుకు తగిలించిన సూపరింటెండెంటుది సగం తప్పని కూడా రాయి."

మొదటి వాక్యం గబగబా రాశాడు. రెండో దానికి కొంచెం నీళ్ళు నమిలాడు, కానీ రాశాడు. నా చేత చదివించుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ నౌకరీలో నా పేరు ఆ ఆసుపత్రి ఫైల్లోకి ఎక్కింది అప్పుడే, తప్పు చేసినదానిగా. కన్ను తప్పకుండా ఆపిన రోజున ఎవరూ ఎక్కించలేదు. ఆ కోపం వేరు, దాన్ని ఇక్కడ కలపను.

మధ్యాహ్నం రీస్టార్టు వచ్చాడు. సంగతంతా విని, "అవును సార్, నేను అదే చెబుదామనుకుంటున్నాను" అన్నాడు. తరువాత ఇచ్చిన రిపోర్టులో 'సిస్టము సరిచేయబడినది' అని తన సంతకం పెట్టుకున్నాడట. వాణ్ణి నేనింకా మళ్ళీ చూడలేదు. వాడి అదృష్టం.

నెల తరువాత నా కుడి కన్ను మసకేసింది. పోయి పాత రోగుల వరసలో నిలబడ్డాను. వరస బల్లలు కూడా దాటలేదు. నా వంతు వచ్చింది. మా పిల్ల మీట నొక్కి, తెర చూసి, హాలంతా మారుమోగేటట్టు నా పేరు చదివింది. ఆపైన, "వయసు అరవై తొమ్మిది! కుడి కన్ను! అవునా?"

హాల్లో నలభై మంది కళ్ళు మూసుకుని ఉన్నారు గానీ, చెవులు తెరిచే ఉన్నాయి. అన్నేళ్ళలో ఆ ఆసుపత్రిలో నా వయసు ఎవరికీ తెలియనివ్వలేదు నేను.

"మెల్లగా చదవలేవుటే!" అన్నాను పళ్ళు నూరుతూ.

"అవునంటేనే రాయాలి. అవునా కాదా? వెనక జనం ఉన్నారు."

"అవును!"

చీటీ చేతిలో పెట్టింది. గోడ గడియారం చూశాను. మీట నొక్కినప్పటి నుంచి ఎనిమిది సెకన్లు. అందులో మూడు నా వయసుకే పోయాయి.